గోడ మీది ముఖాలు

పోయిన వారం నవ్యశ్రీని ఓబర్‌వైలర్ అనే పల్లెటూరి కమ్యూనిటీ హాల్లో, ఒక ఫోటో ముందు, చేతిలో తెల్లటి గుడ్డతో నిలబెట్టి మనం వచ్చేశాం. పాపం, వారమంతా అలాగే నిలబడి ఉందనుకోండి. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ఆమె దగ్గరికి పోదాం.

నవ్యశ్రీది కాకినాడ. మొగుడు రాకేష్‌ది వరంగల్. ఇద్దరూ జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో కార్లకి సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగాలు చేస్తున్నారు. వారమంతా ఆఫీసు, శనాదివారాలు కెమెరా. పక్కనే ఉన్న బ్యోబ్లింగెన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళింట్లో సీమంతమైనా, ఓణీల ఫంక్షనైనా, ఫస్ట్ బర్త్‌డే అయినా "నవ్యని పిలవండి, మొహాలు కళకళ్ళాడిపోతాయి" అనేంత పేరు తెచ్చుకుంది. ఆ పేరు ఆమెకి చాల్లేదు. పట్టుచీరలూ కేకులూ కాకుండా, నలుగురూ గోడ మీద చూసే పనొకటి చెయ్యాలనుకుంది. అప్పుడు తెలిసింది ఓబర్‌వైలర్ సంగతి. కార్లో గంట ప్రయాణం. ఆ ఊళ్ళో వృద్ధాశ్రమంలోనూ, డెయిరీల్లోనూ, పూలమొక్కల నర్సరీల్లోనూ పనిచేస్తున్నది కొలంబియా, పెరూ, బొలీవియాల నుంచి వచ్చిన కుటుంబాలు. లాటినోలు. ఊరి ముసలివాళ్ళకి స్నానం చేయించేదీ, ఆవుల పాలు పిండేదీ వాళ్ళే. అయినా ఊరి పండగ ఫోటోల్లో వాళ్ళెక్కడా కనిపించరు.

మొదట వాళ్ళు ఒప్పుకోలేదు. అంతకుముందు ఎవరో పత్రికవాడు వచ్చి పేడ ఎత్తుతుంటే, దుప్పట్లు మారుస్తుంటే మాత్రమే ఫోటోలు తీసుకుని పోయాడట. అదిగో అప్పుడు కల్పించుకుని ఒప్పించింది యోలాండా. వృద్ధాశ్రమంలో పని, కొలంబియాలో పసిఫిక్ సముద్రపు ఒడ్డున ఉన్న నల్లవాళ్ళ ఊరు ఆమెది. తన చేతిని నవ్యశ్రీ చేతి పక్కన పెట్టి తనవాళ్ళందరికీ చూపించింది. "ఈమె మనలాంటిదే. మనల్ని మనలాగే తీస్తుంది. ఇది నా మాట" అంది.

ఆ మాట మీద ఇళ్ళ తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఇవాళ ఆదివారం మధ్యాహ్నం ఊరి కల్చరల్ క్లబ్ వాళ్ళు ఎగ్జిబిషన్ పెట్టారు. అందరికంటే ముందుగా చూసుకోవాలని యోలాండా తన కూతురు డయానాని వెంటేసుకుని పరిగెత్తుకొచ్చింది. నవ్యశ్రీ మురిసిపోతూ డయానా ఫోటో మీది గుడ్డ లాగింది. యోలాండా నవ్వు సగంలో ఆగిపోయింది.

అక్కడే కదా వదిలేశాం.

మనిషి ఎత్తు ఫోటో అది. మొక్కజొన్న చేను ముందు, పసుప్పచ్చ గౌనులో, జడల చివర పూసలతో డయానా నవ్వుతోంది. పూసలు డయానావే. పళ్ళ మధ్య సందు డయానాదే. పక్కన నిలబడ్డ పిల్ల మాత్రం నిగనిగలాడే నేరేడుపండు రంగులో ఉంది, గోడ మీది పిల్ల పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. బుగ్గల మీద గులాబీ ఛాయ కూడా ఉంది.

"మామీ, కుక్ మాల్! దా బిన్ ఇష్ ష్యోన్!" అని అరిచింది డయానా. అమ్మా చూడు, ఇందులో నేను అందంగా ఉన్నాను అని. రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుని, గోడ మీది బుగ్గల్ని చూసుకుంటూ గిరగిరా తిరిగింది. తిరిగి తిరిగి, నవ్యశ్రీ కూతురు శ్రీవల్లిని పిలుచుకొస్తానంటూ బయటికి పరిగెత్తింది. ఇద్దరు పిల్లలదీ ఒకే వయసు. ఆరు నెలల ఆదివారాల్లో ప్రాణస్నేహితులైపోయారు.

పిల్ల అటు వెళ్ళాక యోలాండా నెమ్మదిగా అడిగింది. "ఎవరీ అమ్మాయి?"

ఇద్దరికీ ఉమ్మడి భాష జర్మనే. ఇద్దరికీ అంతంతమాత్రమే. కానీ ఈ ప్రశ్న అర్థం చేసుకోవడానికి పెద్ద జర్మన్ అక్కర్లేదు.

నవ్యశ్రీకి అప్పుడు కనిపించింది. మీరు నమ్ముతారో లేదో గానీ, నిజంగా అప్పుడే కనిపించింది. ఇంట్లో కంప్యూటర్లో ఈ ఫోటోని కొన్ని వందలసార్లు చూసుకుంది. "ఎంత ముద్దుగా ఉందో" అనుకుందే తప్ప, ఈ పిల్ల ఆ పిల్ల కాదని తట్టనేలేదు. ఇప్పుడు తల్లి పక్కన నిలబడి చూసేసరికి తట్టింది. తక్కిన ఫోటోల మీది గుడ్డలు తియ్యకుండానే అన్నీ కళ్ళకి కట్టాయి. అందరికీ అదే టీ రంగు. అందరికీ అవే గులాబీ బుగ్గలు.

నిజం చెప్పడానికి అదే అదును. నోరు తెరిచింది కూడా. తెరిస్తే వచ్చింది ఇది.

"ల్యాబ్... ప్రింట్ చేసే ల్యాబ్ వాళ్ళు, స్టుట్‌గార్ట్‌లో... వాళ్ళు ఏదో తప్పు చేసినట్టున్నారు. రంగులు పాడుచేశారు."

అలాంటి ల్యాబ్ లేదని కాదు, ఉంది. నవ్యశ్రీ పంపినదాన్ని పంపినట్టు ప్రింట్ చేసి ఇవ్వడమే వాళ్ళు చేసిన పాపం.

యోలాండా ఒక్క క్షణం నవ్యశ్రీ మొహంలోకి చూసింది. ఆ తర్వాత ఆమె చేసిన పని చూడండి. నవ్యశ్రీని దగ్గరికి లాక్కుని, కావలించుకుని, వీపు నిమిరింది.

"ఇంత కష్టపడ్డావు. నీ ఆదివారాలన్నీ మాకే ఇచ్చావు. వాళ్ళు ఇలా పాడుచేశారా! నువ్వు ఏడవకు" అంది.

నవ్యశ్రీ ఏడవడం లేదు. ఏడిస్తే బావుణ్ణనిపించింది. ఆ చేతులు ఎంత గట్టిగా పట్టుకుంటే అంత చిన్నదైపోతోంది తను. తిట్టినా, చెంప పగలగొట్టినా ఇంత సిగ్గు వెయ్యదు కదా అనుకుంది.

అబద్ధం అక్కడితో ఆగితే ఇంకేం! యోలాండా చకచకా వెళ్ళి ఫ్రౌ హార్ట్‌మన్‌ని పిలుచుకొచ్చింది. ఫ్రౌ అంటే మన శ్రీమతి లాంటిది. కల్చరల్ క్లబ్ పెద్ద ఆవిడే. రిటైరైన టీచరు. మెడలో కళ్ళద్దాల గొలుసు, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పని. ఫోటో చూసి, కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూసి, కోపంతో ఎర్రబడిపోయింది. "ఇది ఒప్పుకునే విషయం కాదు! ప్రారంభోపన్యాసంలో నేనే చెబుతాను. ల్యాబ్ పొరపాటు అని ప్రతి ఫోటో కింద కాగితం అంటిస్తాం. వాళ్ళకి ఫిర్యాదు కూడా రాస్తాను. ఏం పేరు వాళ్ళది?"

"తర్వాత చెబుతాను" అంది నవ్యశ్రీ.

"మంచిది. మీరు స్టేజి మీదికి వచ్చినప్పుడు చెప్పండి. అందరికీ తెలియాలి కదా." ఫ్రౌ హార్ట్‌మన్ అటు వెళ్ళిపోయింది, కుర్చీలు సర్దించడానికి.

కోట్లు తగిలించే మూల దగ్గర రాకేష్ కనిపించాడు. జ్యూస్ సీసాల పెట్టె మోసుకొచ్చి దించుతున్నాడు. భార్య మొహం చూసి సీసాలు వదిలేశాడు.

"ఏమైంది నవ్యా? మొహం గట్ల పెట్టినవేంది?"

చెప్పింది. గుసగుసగా, ముక్కలు ముక్కలుగా. రాకేష్ విని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ల్యాబోని మీద చెప్పినవ్ గదా, ఇగ వదిలెయ్. ఆడు ఈడిదాకా వచ్చేదుందా పెట్టేదుందా? ఎవ్వలకు తెల్వది."

"నాకు తెలుసుగా."

"అరే, నువ్వేమన్న కావాలని చేసినవా? మనోళ్ళకు చేసీ చేసీ అలవాటైపోయింది. చెయ్యి దానంతటదే పోయింది. గంతే గదా."

గంతే అయితే నవ్యశ్రీ కూడా ఊరుకునేదేమో. మన ఫంక్షన్ల ఫోటోల సంగతి మీకు నేను చెప్పాలా? పెళ్ళికూతురి తల్లి ఆల్బమ్ చూసి మొట్టమొదట అనే మాట "కొంచెం బ్రైట్ చెయ్యమ్మా" అనేది. బ్రైట్ అంటే వెలుతురు కాదని అడిగేవాళ్ళకీ తెలుసు, చేసేవాళ్ళకీ తెలుసు. ఒక్కో మొహానికీ విడివిడిగా చేస్తూ కూర్చోలేక నవ్యశ్రీ కంప్యూటర్లో ఒక బటన్ తయారుచేసుకుంది. దానికి 'పెళ్ళికళ' అని పేరు పెట్టుకుంది. ఫోటోలన్నీ ఎంచుకుని అది నొక్కితే చాలు, నిమిషంలో అందరూ రెండు వన్నెలు తేలిపోతారు, బుగ్గలు ఎర్రబడతాయి. బ్యోబ్లింగెన్‌లో ఆమె పేరంతా ఆ బటన్ మీదే నిలబడింది. ఓబర్‌వైలర్ ఫోటోలన్నీ ఎంచుకుని, రోజూ గడప దాటినంత మామూలుగా, అదే నొక్కింది.

కానీ డయానా ఫోటో ఆ బటన్‌తో ఆగలేదు.

"కావాలనే చేశాను రాకేష్" అంది నవ్యశ్రీ. "అందరికీ ఒకసారి నొక్కాను. డయానాకి మాత్రం కూర్చుని చేత్తో ఇంకా లాగాను. మొహం, మెడ, చేతులు, అన్నీ. పిల్లంటే అంత ముద్దు నాకు. ముద్దొచ్చి చేశాను. వింటున్నావా? ముద్దొచ్చి!"

రాకేష్ వంగి, దించిన సీసానే మళ్ళీ పెట్టెలో పెట్టాడు.

ఆమెకి కాకినాడ స్టూడియో గుర్తొచ్చింది. రాకేష్ వాళ్ళకి పంపడానికి తీసిన ఫోటో. స్టూడియో ఆయన అడక్కుండానే తెల్లగా చేసి ఇచ్చాడు, "నా తరఫున" అంటూ. పెళ్ళిచూపుల్లో రాకేష్ మేనత్త ఒక చేత్తో ఫోటో పట్టుకుని, దాన్నీ ఈమెనీ మార్చి మార్చి చూసింది. "ఫొటోల ఇంకింత కలర్ ఉన్నట్టుండె" అంది. అందరూ నవ్వారు. అప్పటి రాకేష్ నవ్వలేదు, అందుకే ఈ పెళ్ళి జరిగింది. కానీ ఆ రోజు కాఫీ కప్పుల ట్రేతో నిలబడి, తన ఫోటో కంటే తాను తక్కువని నలుగురిలో తేలిపోయిన ఆ నిమిషం ఎలా ఉంటుందో నవ్యశ్రీకి తెలుసు. తెలిసి తెలిసి అదే నిమిషాన్ని డయానాకి ఫ్రేము కట్టించి మరీ ఇచ్చింది. ఛీ అనుకుంది. తనని తాను అంత గట్టిగా ఎప్పుడూ ఛీ కొట్టుకోలేదు.

ఈలోగా జనం రావడం మొదలైంది. ఊరి జర్మన్లు ముందు వరసల్లో కూర్చుంటున్నారు. లాటినో కుటుంబాలు గోడల వెంబడి కదులుతున్నాయి. ఇస్త్రీ చొక్కాలు, లిప్‌స్టిక్కులు, చంకల్లో పసిపిల్లలు. గుడ్డలన్నీ తీసేశారు. ఒక్కొక్కరూ తమ ఫోటో వెతుక్కుంటూ వచ్చి, దొరగ్గానే దాని ముందు ఆగిపోతున్నారు. డెయిరీలో పనిచేసే ఒక పెరూ పెద్దాయన తన ఫోటో చూసి, తన చెయ్యి చూసుకుని, చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు. ఒక బొలీవియా అమ్మాయి మాత్రం సంబరంగా తన ఫోటోని ఫోన్లో తీసుకుని అక్కడికక్కడే వాళ్ళమ్మకి పంపింది. నవ్యశ్రీకి రెండూ ఒకటే అనిపించాయి. ఆ సంబరమే ఎక్కువ గుచ్చుకుంది.

యోలాండా ఊరుకుందా? ఊరుకోలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి స్పానిష్‌లో చెబుతోంది. నవ్యశ్రీకి స్పానిష్ రాదు. కానీ "లాబొరాటోరియో" అన్న మాట ఎవరికైనా తెలుస్తుంది. ఆ మాట వెనకే యోలాండా వేలు ఇటు చూపిస్తుంది, వాళ్ళు తిరిగి నవ్యశ్రీ వైపు జాలిగా తలూపుతారు. పెరూ పెద్దాయనైతే దగ్గరికొచ్చి "బాధపడకమ్మా" అన్నట్టు భుజం తట్టి వెళ్ళాడు. దొంగకి చుట్టూ చేరి ఓదార్పులు చెబుతున్నట్టుంది వ్యవహారం. ఎక్కడికైనా పారిపోదామనిపించింది. కారు తాళాలు జేబులోనే ఉన్నాయి.

అప్పుడే పిల్లలిద్దరూ చేతులు పట్టుకుని వచ్చారు. డయానా రొప్పుతోంది.

"నవ్యా ఆంటీ, నా స్కూల్ ఫోటోని కూడా ఇలాగే చేస్తావా? మా క్లాసులో అందరికీ చూపిస్తాను. మామీ ఫోటో కూడా చెయ్యి. మామీని కూడా అందంగా చెయ్యి."

యోలాండా పక్క ఫోటో దగ్గరే ఉంది. "ఇది ల్యాబ్ వాళ్ళ తప్పు కన్నా" అని కూతురికి సర్దిచెప్పబోయింది.

"కాదు" అంది శ్రీవల్లి జర్మన్‌లో, టీచరుకి జవాబు చెప్పినంత గర్వంగా. "మా అమ్మే చేస్తుంది. కంప్యూటర్లో బటన్ ఉంది. అందరికీ చేస్తుంది. నాకూ చేస్తుంది."

నవ్యశ్రీకి పై ప్రాణాలు పైనే పోయాయి.

యోలాండా నవ్యశ్రీ వైపు తిరిగి చూసిందంతే. ఆ చూపులో అడగడం లేదు, ఎదురుచూడటం ఉంది. ఇంకో అబద్ధం చెప్పు, నమ్ముతాను అన్నట్టుంది. అది భరించడం మరీ కష్టమైంది.

"నేనే" అంది నవ్యశ్రీ. "ల్యాబ్ కాదు. నేనే చేశాను."

"అందరికీ?"

"అందరికీ."

"ఎందుకు?"

ఎందుకని చెబుతుంది? మా దగ్గర ఇలాగే చేస్తాం అందామనుకుంది. అలవాటు అందామనుకుంది. రెండూ అనలేకపోయింది. "బాగుంటారని" అంది చివరికి.

యోలాండా గొంతు పెంచలేదు. పిల్లలు వినకుండా రెండడుగులు పక్కకి తీసుకెళ్ళి, తనకి వచ్చిన కాస్త జర్మన్‌లో, మాట మాటా వెతుక్కుంటూ చెప్పింది.

"మా ఆశ్రమంలో ఒక ముసలమ్మ ఉంది. రోజూ నేనే స్నానం చేయిస్తాను. రోజూ అడుగుతుంది, నీ రంగు నా దుప్పటికి అంటుకోదు కదా అని. నేను నవ్వుతాను. ఆమెకి మతి లేదు, చూపు లేదు. ఇంటికొచ్చి డయానా జడలు వేస్తూ చెబుతాను, నువ్వెంత అందంగా ఉన్నావో అని. అది నమ్ముతుంది. ఇవాళ పొద్దున దాకా నమ్మింది." కూతురి వైపు ఓసారి చూసింది. "నీకు చూపుంది నవ్యా. మంచి చూపుంది. నువ్వు మా ఇంట్లో తిన్నావు. మా మొహాలు ఇంత దగ్గర నుంచి చూశావు. చూసి, ఇవి ఇలా ఉండకూడదు అనుకున్నావు."

"అలా అనుకోలేదు..."

"మరి ఎలా అనుకున్నావు?"

నవ్యశ్రీ చూపు నేల మీదికి దించుకుంది.

"నేను వాళ్ళందరికీ మాటిచ్చాను" అంది యోలాండా. "ఇప్పుడు నీ అబద్ధం కూడా నా నోటితోనే వాళ్ళందరికీ చెప్పించావు."

నవ్యశ్రీ కాళ్ళ మీద పడిపోదామనుకుంది. పడలేదు. పడితే మళ్ళీ ఆమే లేవనెత్తి ఓదార్చాల్సి వస్తుందని తోచింది. "ఏం చెయ్యమంటావు? చెప్పు, చేస్తాను. ఇప్పుడే అన్నీ దించేస్తాను."

"నాకేం చెయ్యొద్దు. దానికి చెప్పు." యోలాండా కూతురి వైపు చూపించింది. "నేను చెబితే అమ్మ కాబట్టి చెబుతోంది అనుకుంటుంది. అందంగా చేసినదానివి నువ్వు. నువ్వే చెప్పాలి."

నవ్యశ్రీ ట్యాబ్ తీసింది. అసలు ఫోటోలు అందులో ఉన్నాయి. ఓబర్‌వైలర్‌వి అన్నీ దాచింది, క్లబ్ వాళ్ళు అడుగుతారేమోనని. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని డయానాని దగ్గరికి పిలిచింది. అదే చేను, అదే గౌను, అవే పూసలు. మధ్యలో అసలు డయానా. సాయంత్రపు ఎండ పడి బుగ్గ ఎముక మీద రాగి మెరుపు. ఆ బటన్ నొక్కినప్పుడు పోయిన మెరుపు అది. ఇంత అందమైనదాన్ని చేతులారా చెరిపేశాను కదా అనుకుంది నవ్యశ్రీ.

"ఇదిగో, నేను తీసింది ఇదీ. ఇది నువ్వు. గోడ మీదున్నది నేను పాడుచేసింది. నాది తప్పు డయానా. నువ్వు..."

డయానా ట్యాబ్ వైపు చూసింది. గోడ వైపు చూసింది. మళ్ళీ ట్యాబ్ వైపు చూసి, చిన్న అరచెయ్యి తెర మీద పెట్టి ఆ మొహాన్ని కప్పేసింది.

"ఇది వద్దు" అంది గొణుగుతున్నట్టు. "ఇది ఎవరికీ చూపించొద్దు. ప్లీజ్."

యోలాండా అటు తిరిగిపోయింది. ఆమె భుజాలు ఒకసారి పైకి లేచి దిగాయి. ఇంత గొప్ప పని చేయబోయి, ఒక పిల్లకి తన మొహం తనే దాచుకోవడం నేర్పింది నవ్యశ్రీ. నేర్చుకోవడానికి ఆ పిల్లకి గంట కూడా పట్టలేదు.

మైకు కీచుమంది. ఫ్రౌ హార్ట్‌మన్ మొదలుపెట్టేసింది. ఊరు, స్నేహం, కొత్త పొరుగువాళ్ళు. తర్వాత గొంతు గట్టి చేసుకుంది. "ఒక విచారకరమైన విషయం. మీరందరూ గమనించే ఉంటారు. ఫోటోల్లో రంగులు తప్పుగా వచ్చాయి. ఇది మన ఫోటోగ్రాఫర్ తప్పు కాదు. ఒక ల్యాబ్ నిర్లక్ష్యం. ఆ ల్యాబ్ పేరు ఇప్పుడు ఆమే మీకు చెబుతారు. రండి, ఫ్రౌ నవ్యశ్రీ."

చప్పట్లు. లాటినోలు ఇంకా గట్టిగా కొట్టారు, పాపం, ధైర్యం చెబుతున్నట్టు.

దారిలో రాకేష్ చెయ్యి పట్టుకుని ఆపాడు. "నవ్యా, ఇంత మందిల వద్దు. రేపు యోలాండా ఇంటికి పోయి మాట్లాడుదాం. మన తెలుగు అసోసియేషనోళ్ళు గూడ వచ్చిండ్రు, అగో ఆఖరి లైన్ల. ఇగ మనల్ని ఎవ్వలన్న పిలుస్తరా?"

"పిలవకపోతే పిలవరులే" అంది నవ్యశ్రీ. చెయ్యి విడిపించుకుంది. శ్రీవల్లి ఎప్పుడు వెంటపడిందో, అమ్మ కుర్తా అంచు పట్టుకుని తనూ స్టేజి మెట్ల దాకా వచ్చేసింది.

మైకు ముందు నిలబడేసరికి వచ్చిన జర్మన్ కూడా ఎగిరిపోయింది. పెరూ పెద్దాయన తలాడిస్తున్నాడు, చెప్పు చెప్పు అన్నట్టు. యోలాండా గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని ఉంది. ఆమె పక్కన డయానా ఇంకా గోడ మీది పిల్లనే చూస్తోంది.

"ల్యాబ్ తప్పు లేదు" అంది నవ్యశ్రీ. "నేను అబద్ధం చెప్పాను. రంగులు మార్చింది నేను."

ఫ్రౌ హార్ట్‌మన్ చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది.

"మా దేశంలో అందరం ఇలాగే చేస్తాం. అది కారణం కాదు. నాకూ ఇలాగే చేశారు. అదీ కారణం కాదు." మైకుని రెండు చేతులా పట్టుకుంది. "మీరు నాకు మీ మొహాలు ఇచ్చారు. నేను వాటిని సరిదిద్దాను. వాటిలో సరిదిద్దాల్సింది ఏమీ లేదు. డయానా, నీలో తప్పేమీ లేదు. తప్పు నా కళ్ళది. నాకు సిగ్గుగా ఉంది. చాలా సిగ్గుగా ఉంది."

ఎవరో స్పానిష్‌లో తర్జుమా చేశారు. గోడల వెంబడి ఆ మాటలు పాకుతుంటే మొహాలు ఒక్కొక్కటే మారడం నవ్యశ్రీ పై నుంచి చూసింది. పెరూ పెద్దాయన తల ఊపడం ఆపేశాడు. బొలీవియా అమ్మాయి ఫోన్ బ్యాగులో పెట్టేసుకుంది. ఇద్దరు ముగ్గురు కోట్ల వైపు నడిచారు. ఆఖరి వరసలో మన తెలుగువాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చెప్పేశాక గుండె తేలికవుతుందని అందరూ అంటారు. ఏం తేలికో ఏమో, ఆమెకి మాత్రం అలాంటిదేమీ తెలియలేదు.

దిగిపోదామని మెట్టు మీద కాలు పెట్టింది. కింద శ్రీవల్లి దారికడ్డంగా నిలబడి ఉంది. పిల్ల మొహంలో ఇందాకటి గర్వం లేదు. కనుబొమలు ముడిచి, ఏదో లెక్క తేలనట్టు ఆలోచిస్తోంది. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆ జర్మన్ మాటలు హాలు చివరిదాకా వినిపించాయి.

"అమ్మా, డయానా అసలు ఫోటోలు ట్యాబ్‌లో దాచావు కదా. మరి నావి? నా అసలువి ఎక్కడున్నాయి? నాకు చూపించు."

నవ్యశ్రీ రాకేష్ వైపు చూసింది. రాకేష్ తల దించుకున్నాడు. అతనికీ తెలుసు. పుట్టినరోజులు, కిటా అనే పసిపిల్లల బడిలో మొదటి రోజు, బడి మొదటి రోజు. ఫోన్లో తీసినవైనా సరే, ఆమె చేతిలో పడి బాగుపడ్డాకే ఆల్బమ్‌కెక్కేవి. అసలువి అనవసరంగా చోటు తింటాయని, ఏ నెలవి ఆ నెలే, కూర్చుని ఓపిగ్గా చెరిపేసేది ఆమే. కన్నకూతురి మొహం ఉన్నదున్నట్టుగా ఉన్న ఫోటో నవ్యశ్రీ దగ్గర ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు.